కాశీక్షేత్రమున స్థానధర్మము

కాశీనగరమందలి ఘట్టములును ఆలయములును ఎంత ప్రాచీనములని యడిగినచో రెండు విధములగు సమాధానములు వినవచ్చుచున్నవి. సర్వమును అనాదియని కొందఱందురు. అచటి కట్టడములలోఁ బెక్కు 18వ శతాబ్దమునకుఁ బూర్వమువి కావు గనుక క్షేత్రప్రసిద్ధియు నర్వాచీనమే యని మఱికొందఱందురు. ఈ రెండు పక్షములును విచారణకు నిలువవు. కాశియందుఁ బ్రాచీనమైనది శిల కాదు, స్థలము. ఈ భేదమును మన ధర్మశాస్త్రకారులే యెఱిఁగి నిర్ణయించి యుండిరి.

వరణా, అసి యను రెండేఱుల నడుమ, గంగకుఁ బశ్చిమతీరమున నీ నగరము నెలవంకవలె నమరియున్నది. గంగ యిచట నుత్తరవాహిని యగుటచే, స్నానమాచరించువారు ఘట్టములపై నిలిచి ప్రవాహమున కెదురుగనే యుదయభానుని దర్శింతురు. 1940వ సంవత్సరమున రాజఘాటమువద్ద రైలుమార్గపుఁ బనులకై నేల త్రవ్వఁగాఁ బూర్వావశేషములు బయల్పడెను. అచట జనావాసము క్రీస్తునకుఁ బూర్వము మొదటి సహస్రాబ్దినాఁడే కలదని తరువాతి త్రవ్వకములవలనఁ దేలినది. అనాదిత్వము విశ్వాసవిషయము, ఈ ప్రాచీనత నిదర్శనసిద్ధము.

క్షేత్రమందలి దేవతాప్రాధాన్యమును నొకే తీరున నుండలేదు. 12వ శతాబ్దమున గాహడవాలప్రభువగు గోవిందచంద్రుని మంత్రి లక్ష్మీధరుఁడు కృత్యకల్పతరువను ధర్మనిబంధమును రచించెను. అందలి తీర్థవివేచనకాండమునఁ గాశీలింగములు పెక్కు వర్ణింపఁబడినవి. వానిలో నగ్రస్థాన మవిముక్తేశ్వరునిది. విశ్వేశ్వరున కాస్థానము తరువాతి కాలమున లభించినది. శ్రీనాథుఁడు 15వ శతాబ్దమున రాజమహేంద్రవరపు వీరభద్రారెడ్డికిఁ గృతిగాఁ గాశీఖండమును దెనిఁగించుటచే నా మహిమ యాంధ్రదేశమున నింటింటఁ బ్రసిద్ధి కెక్కెను.

ఇఁక నాలయచరిత్రము. 1194లో ఘోరీమహమ్మదు సేనలు జయచంద్రుని జయించి కాశిని గొల్లగొట్టినవి. విశ్వేశ్వరాలయము 1585 ప్రాంతమున, అక్బరు మంత్రియగు తోడరుమల్లు సాహాయ్యమున, నారాయణభట్టు ప్రేరణచేఁ బునర్నిర్మిత మయ్యెను. 1669లో ఔరంగజేబు శాసనముచే నదియుఁ గూలినది. నేఁడు భక్తులు దర్శించు నాలయమును 18వ శతాబ్దపుఁ జివరిభాగమున నహల్యాబాయి హోల్కరు కట్టించెను. ఘట్టముల శిలాసోపానములలోఁ బెక్కింటిని గట్టించినవారును ఆ శతాబ్దపు మహారాష్ట్రులే.

ఇన్నిమాఱులు శిల చెడినను యాత్ర యేల చెడలేదు? దీనికిఁ దగిన యుత్తరము నారాయణభట్టు గ్రంథముననే కలదు. ఇతని తండ్రి రామేశ్వరభట్టు గోదావరీతీరమందలి ప్రతిష్ఠానమునుండి కాశికి వలసవచ్చిన పండితుఁడు. నారాయణభట్టు ప్రయాగ, కాశి, గయ యను మూఁడు స్థలములను గూర్చి త్రిస్థలీసేతువను నిబంధమును రచించెను. పూర్వలింగము పోయి మఱియొక లింగ మాస్థలమున నున్నచో దానినే పూజింపవలెననియు, దుష్టరాజులవలన నచట లింగమే లేకపోయినను బ్రదక్షిణనమస్కారాదులు మానరాదనియు నతని నిర్ణయము. ఇవి స్థానధర్మములు. అభిషేకాదు లన్ననో, ఆధారముగా లింగమున్నప్పుడే జరుగును.

ఈ నిర్ణయము కేవల పాండిత్యవినోదము కాదు. ఆలయము లేనినాఁడు యాత్రికుఁడు వచ్చి యేమి చేయవలెనను కఠినప్రశ్నకు శాస్త్రీయమైన సమాధానము. 1669 తరువాత నూఱేండ్లకుఁ బైఁగాఁ బూర్వాలయము లేని కాలమున, యాత్ర సఫలమగునా యని సంశయించువానికి నీ గ్రంథ మొక యాధారముగా నుండెను.

ఏనుగుల వీరాస్వామయ్య 1830వ సంవత్సరము మే 18వ తేదీన చెన్నపట్టణమునుండి పరివారముతో బయలుదేఱి, ప్రయాగ, కాశి, గయలను సేవించి, 1831 సెప్టెంబరులో మరలివచ్చెను. అతని కాశీయాత్రచరిత్ర 1838లో ముద్రిత మయ్యెను. అతఁడు దర్శించిన విశ్వేశ్వరాలయము నాఁటి కించుమించుగ నేఁబదియేండ్ల కట్టడము మాత్రమే. త్రోవయో, త్రిస్థలీసేతువు చెప్పిన త్రోవయే.

కావున విద్యార్థులకుఁ గాశీఖండమును బోధించునపుడు ఆలయముల వయస్సును క్షేత్రము వయస్సుతోఁ గలుపరాదు. కట్టడములకు సంవత్సరములు చెప్పుటవలన క్షేత్రగౌరవమునకు లోపము రాదు. ఆ పురాణమందే యగస్త్యుఁడు కాశిని విడిచి దక్షిణమునకు వచ్చినవాఁడై, కుమారస్వామివలనఁ గాశీమాహాత్మ్యమును వినుచున్నాఁడు. ఆ నగరమునకు దూరమైనవాఁడు వినిన కథయే మనకుఁ గాశీఖండ మైనది.