సాఫ్ట్‌వేర్ డాక్యుమెంటేషన్ వెబ్‌సైట్ ఆవిర్భావం: పైథాన్ - స్ఫింక్స్ చారిత్రక పరిశీలన

వ్యాససంగ్రహం

సాఫ్ట్‌వేర్ ప్రాజెక్టుకు డాక్యుమెంటేషన్ వెబ్‌సైట్ ఏర్పాటు చేయడం నేడు కొద్దిసేపట్లో పూర్తయ్యే పనిగా కనిపిస్తుంది. ఈ సౌలభ్యం వెనుక సుమారు నాలుగు దశాబ్దాల ప్రయత్నం ఉంది. 1971 నాటి యూనిక్స్ మాన్యువల్ మొదలు 2008లో వెలువడిన స్ఫింక్స్, 2010లో ప్రారంభమైన రీడ్ ది డాక్స్ వరకు సాగిన పరిణామాన్ని, పైథాన్ భాషను ప్రధాన ఉదాహరణగా తీసుకొని ఈ వ్యాసం పరిశీలిస్తుంది. ఈ చరిత్రలో కీలకాంశం పుటల అలంకరణ కాదని, మారుతూ ఉండే ప్రోగ్రామ్‌కూ దాని వివరణకూ మధ్య పొంతన నిలిపే బాధ్యత ఎవరిదన్న ప్రశ్నేనని నిరూపించడం ఈ వ్యాసం ఉద్దేశం. ఈ పరిణామం తెలుగు అనువాదాల ముందుంచుతున్న సమస్యలను చివర చర్చించడం జరిగింది.

కీలకపదాలు: డాక్యుమెంటేషన్, యూనిక్స్, పైథాన్, స్ఫింక్స్, రీడ్ ది డాక్స్, లినక్స్, అనువాదం.

1. ఉపోద్ఘాతం

ఒక ప్రోగ్రామ్ ఏమి చేస్తుందో, దానిని ఎలా వాడాలో, ఎక్కడ విఫలమవుతుందో తెలిపే రచననే డాక్యుమెంటేషన్ అంటారు. సాధారణ గ్రంథానికీ దీనికీ ఒక మౌలిక భేదం ఉంది. వ్యాకరణ గ్రంథం వెలువడిన మరునాడే భాష మారిపోదు. ప్రోగ్రామ్ మాత్రం ప్రతి విడుదలతోనూ మారుతుంది. నిన్న సరిగ్గా ఉన్న వాక్యం నేడు తప్పు కావచ్చు. ఆ వాక్యాన్ని నమ్మిన పాఠకుడు ఆదేశం పనిచేయకపోతే ముందుగా తన అవగాహననే శంకించుకుంటాడు. ఈ నష్టం చాలావరకు ఎక్కడా నమోదు కాదు. కనుక డాక్యుమెంటేషన్ సైటును నెలకొల్పడమంటే కొన్ని పుటలను వెబ్‌లో ఉంచడం మాత్రమే కాదు. మార్పుకూ వివరణకూ మధ్య ఎడం పెరగకుండా ఒక ఏర్పాటు చేయడం. ఆ ఏర్పాటు ఏ దశలో ఏ రూపం తీసుకుందో పరిశీలించవలసి ఉంది.

2. మాన్యువల్ నాటి నమూనా

బెల్ ల్యాబ్స్‌లో కెన్ థాంప్సన్, డెన్నిస్ రిచీ రూపొందించిన యూనిక్స్ ప్రోగ్రామర్స్ మాన్యువల్ తొలి కూర్పుపై ఉన్న తేదీ 1971 నవంబరు 3. ఆ సంస్థలోని పేటెంట్ల విభాగానికి పాఠాన్ని సిద్ధం చేసే వ్యవస్థగా యూనిక్స్ ఉపయోగపడిన కాలమది. అందువల్ల అదే యంత్రం మీద మాన్యువల్‌ను కూడా కూర్చడం సాధ్యమైంది. ప్రతి ఆదేశానికీ పేరు, వాడే పద్ధతి, వివరణ, సంబంధిత ఫైళ్లు, ఇతర పుటల సూచన అనే నిర్ణీత శీర్షికలు ఇందులో ఉన్నాయి.

వీటిలో రెండు శీర్షికలు ప్రత్యేకంగా గమనింపదగినవి. ఒకటి లోపాలను తెలిపే శీర్షిక. ప్రోగ్రామ్ ఎక్కడ సరిగా పనిచేయదో దానిని రాసినవారే అక్కడ నమోదు చేశారు. రెండవది ఆ ప్రోగ్రామ్ ఎవరిదో తెలిపే శీర్షిక. సందేహం వస్తే ఎవరిని అడగాలో దానివల్ల తెలిసేది. అంటే వివరణకు బాధ్యుడైన వ్యక్తి పేరు ఆ పుటలోనే ఉండేది. ఒకే భవనంలో పనిచేసే చిన్న బృందానికి ఈ పద్ధతి సరిపోయింది. వాడుకరులు ఇతర సంస్థలకూ దేశాలకూ విస్తరించిన కొద్దీ ఈ వ్యక్తిగత బాధ్యత చాలకపోయింది.

వివరణనూ ప్రోగ్రామ్‌నూ ఒకే మూలంలో ఉంచాలన్న ఆలోచన తరువాతి కాలంలో రెండు విధాలుగా వ్యక్తమైంది. 1984లో డొనాల్డ్ నూత్ ప్రకటించిన సాహిత్యాత్మక ప్రోగ్రామింగ్ భావన ప్రకారం ప్రోగ్రామ్‌ను మనుషులు చదువుకొనే వ్యాసంగా రాయాలి. యంత్రానికి కావలసిన భాగాన్ని దానిలో నుండి వేరు చేసుకోవాలి. 1990లలో జావా భాషతో వచ్చిన జావాడాక్ దీనికి భిన్నంగా, ప్రోగ్రామ్ మధ్యలో రాసిన వ్యాఖ్యలను సేకరించి వెబ్‌పుటలుగా మార్చింది. మొదటి మార్గం రచయిత నుండి అధిక శ్రమను కోరింది. రెండవది విధుల జాబితాను చక్కగా ఇచ్చినా, కొత్తగా నేర్చుకొనేవారికి అవసరమైన క్రమబద్ధ పాఠాన్ని తనంతట తాను ఇవ్వలేకపోయింది.

3. లేటెక్ కాలంలో పైథాన్

గైడో వాన్ రోసమ్ 1989 చివర పైథాన్ భాషను రూపొందించడం ప్రారంభించారు. ఆనాటి నుండే దాని డాక్యుమెంటేషన్‌ను లేటెక్‌లో రాశారు. ఆ కాలానికి అది సహజమైన ఎంపిక. మాన్యువల్‌ను అచ్చు తీసుకొని చదివే అలవాటు అప్పటికి బలంగా ఉంది. అందమైన అచ్చుప్రతిని ఇవ్వడంలో లేటెక్ సమర్థమైనది.

వెబ్ వ్యాపించిన తరువాత పాఠకుల అవసరం మారింది. పుటల మధ్య లంకెలు, వెతికే సౌకర్యం ముఖ్యమయ్యాయి. లేటెక్ మూలాన్ని హెచ్.టి.ఎం.ఎల్.గా మార్చడం సులువు కాదు. లేటెక్ స్వయంగా ఒక ప్రోగ్రామింగ్ భాష కావడమే దీనికి కారణం. దానిని పూర్తిగా అర్థం చేసుకొని వెబ్‌పుటగా మార్చే సాధనాన్ని నిర్వహించడం నిరంతర శ్రమ. చాలా కాలం పైథాన్ డాక్యుమెంటేషన్ సంపాదకుడిగా ఉన్న ఫ్రెడ్ డ్రేక్ ఈ మార్పిడి ప్రక్రియను నిలబెట్టడానికి ఎంతో సమయం వెచ్చించారు. మొదట ఎస్.జి.ఎం.ఎల్.కు, తరువాత ఎక్స్.ఎం.ఎల్.కు మారాలన్న సూచనలు వచ్చాయి. అంత పెద్ద పనికి కావలసిన సమయం ఇవ్వడానికి ఎవరూ ముందుకు రాకపోవడంతో అవి ఆచరణలోకి రాలేదు. సాధనం సంక్లిష్టమైనప్పుడు సంపాదకుని శ్రమ రచన నుండి సాధన నిర్వహణకు ఎలా మళ్లుతుందో ఈ దశ తెలుపుతుంది.

4. స్ఫింక్స్: 2007-2008

పైథాన్ 2.6 రూపొందుతున్న కాలంలో గియోర్గ్ బ్రాండ్ల్ ఈ సమస్యకు పరిష్కారం సిద్ధం చేశారు. మొత్తం లేటెక్ మూలాన్ని రీస్ట్రక్చర్డ్‌టెక్స్ట్ అనే సరళమైన మార్కప్‌కు మార్చారు. ఆ మార్కప్ అప్పటికే పైథాన్ సమాజంలో ఉంది. డేవిడ్ గుడ్జర్ దానిని రూపొందించి, 2002 నాటి ఒక అధికారిక ప్రతిపాదనలో పైథాన్ వ్యాఖ్యలకు ప్రామాణిక మార్కప్‌గా సూచించారు. ఈ పద్ధతిలో శీర్షిక కింద గీత గీస్తే అది శీర్షికే అవుతుంది, వరుసగా చుక్కగుర్తులు పెడితే జాబితా అవుతుంది. మార్పిడి చేయకుండానే మూలపాఠాన్ని చదువుకోవచ్చు.

ఆ మూలం నుండి వెబ్‌పుటలను తయారుచేసే సాధనానికి స్ఫింక్స్ అని పేరు పెట్టారు. దాని తొలి బహిరంగ విడుదల 2008 మార్చిలో జరిగింది. అదే సంవత్సరం అక్టోబరు 1న వెలువడిన పైథాన్ 2.6 కొత్త రూపంలోని డాక్యుమెంటేషన్‌తో వచ్చింది. అచ్చుప్రతి కావాలనుకొనేవారికి స్ఫింక్స్ లేటెక్‌గా కూడా మార్చి ఇస్తుంది. అంటే మూలస్థానంలో ఉన్న లేటెక్ ఫలితాలలో ఒకటిగా మారింది. స్ఫింక్స్ పైథాన్ కోసమే పుట్టినా అన్ని ప్రాజెక్టులకూ ఉపయోగపడే స్వతంత్ర సాధనంగా విడుదల కావడం దాని వ్యాప్తికి దోహదం చేసింది.

5. సైటు నిర్మాణక్రమం

ఈ విధానంలో సైటును నెలకొల్పే క్రమాన్ని పరిశీలిస్తే దాని వెనుక ఉన్న ఆలోచన స్పష్టమవుతుంది. ప్రోగ్రామ్ ఉన్న రిపాజిటరీలోనే డాక్యుమెంటేషన్‌కు ఒక ఫోల్డర్ ఏర్పరుస్తారు. ప్రారంభ ఆదేశం ఇచ్చినప్పుడు స్ఫింక్స్ ప్రాజెక్టు పేరు, రచయిత పేరు వంటి వివరాలు అడిగి రెండు ముఖ్యమైన ఫైళ్లను సృష్టిస్తుంది. ఒకటి అమరికల ఫైలు. రెండవది సూచిక పుట. మిగిలిన పుటలు ఏ వరుసలో రావాలో సూచిక పుటలోని విషయవృక్షం నిర్ణయిస్తుంది. విషయవృక్షంలో చేరని పుట ఏదైనా మిగిలిపోతే సైటును తయారుచేసేటప్పుడు హెచ్చరిక వస్తుంది.

పాఠానికీ ప్రోగ్రామ్‌కూ మధ్య పొంతనను పరీక్షించే ఏర్పాట్లు దీని తరువాతి మెట్టు. ప్రోగ్రామ్‌లోని వ్యాఖ్యలను నేరుగా పుటలోకి తెచ్చే విస్తరణ ఒకటి ఉంది. బయటి లంకెలు పనిచేస్తున్నాయో లేదో చూసే పరీక్ష మరొకటి. పాఠంలో ఇచ్చిన ఉదాహరణలను నడిపి, ఫలితం పుటలో రాసినట్టే వస్తున్నదా అని సరిచూసే ఏర్పాటు ఇంకొకటి. 2001లో పైథాన్ 2.1తో వచ్చిన డాక్‌టెస్ట్ దీనికి ఆధారం. ఒక ప్రాజెక్టు డాక్యుమెంటేషన్ నుండి మరొక ప్రాజెక్టులోని నిర్దిష్ట విధికి లంకె ఇచ్చే సౌకర్యం కూడా ఉంది.

ఇక్కడ ఒక పరిమితిని గుర్తించాలి. ఈ పరీక్షలు తెగిన లంకెనూ తప్పిన ఉదాహరణనూ పట్టుకోగలవు. వివరణ స్పష్టంగా ఉన్నదా, ముఖ్యమైన విషయం విడిచిపెట్టారా అన్నవి వాటికి అందవు. ఆ తీర్పు చదివే మనిషిదే.

6. ప్రచురణలో మార్పు: రీడ్ ది డాక్స్

మూలం సిద్ధమైనా దానిని వెబ్‌పుటలుగా మార్చి సర్వర్‌లో ఉంచే పని ఒకరు చేయాలి. ఆ ఒక్కరూ తీరిక లేక ఆగిపోతే సైటూ ఆగిపోయేది. 2010లో జాంగో డ్యాష్ అనే 48 గంటల పోటీలో ఎరిక్ హోల్షర్, చార్లెస్ లైఫర్, బాబీ గ్రేస్ రూపొందించిన రీడ్ ది డాక్స్ ఈ సమస్యను తగ్గించింది. రిపాజిటరీలో మార్పు చేరగానే ఆ సేవకు సమాచారం అందుతుంది. అది పాఠాన్ని తీసుకొని స్ఫింక్స్ ద్వారా పుటలను తిరిగి తయారుచేసి ప్రచురిస్తుంది.

దీనితోపాటు ప్రతి విడుదలకూ వేర్వేరు ప్రతులను నిలిపి ఉంచడం సాధ్యమైంది. పాత విడుదలను వాడుతున్నవారు దానికి తగిన పుటలనే చదవవచ్చు. అయితే వెతుకులాట యంత్రం నుండి వచ్చే పాఠకుడు తెలియకుండా పాత ప్రతిలోకి చేరే ప్రమాదం కొత్తగా ఏర్పడింది. పుట పైభాగంలో ఇది పాత ప్రతి అని తెలిపే హెచ్చరిక దీనికి విరుగుడు. అచ్చుపుస్తకానికి కూర్పు సంఖ్య ఎంత అవసరమో డాక్యుమెంటేషన్ సైటుకు విడుదల సంఖ్య అంత అవసరమైంది.

7. లినక్స్ కెర్నల్ అనుభవం

స్ఫింక్స్ పైథాన్ పరిధిని దాటిన తీరుకు లినక్స్ కెర్నల్ మంచి ఉదాహరణ. కెర్నల్ డాక్యుమెంటేషన్ చాలా కాలం వేర్వేరు కాలాల్లో వేర్వేరు వ్యక్తులు రాసిన సాదాపాఠ ఫైళ్లుగానూ, డాక్‌బుక్ అనే ఎక్స్.ఎం.ఎల్. పద్ధతిలోని పుస్తకాలుగానూ ఉండేది. 2016 అక్టోబరులో విడుదలైన 4.8తో స్ఫింక్స్ విధానం ప్రవేశించింది. డాక్యుమెంటేషన్ విభాగ నిర్వాహకుడు జొనాథన్ కార్బెట్ ఆధ్వర్యంలో తరువాతి విడుదలల్లో పాత ఫైళ్లు క్రమంగా కొత్త రూపంలోకి మారాయి.

ఈ అనుభవం రూపానికీ విషయానికీ గల భేదాన్ని స్పష్టం చేస్తుంది. కాలం చెల్లిన ఫైలు కొత్త మార్కప్‌లోకి మారినంత మాత్రాన దానిలోని సమాచారం తాజాది కాదు. పైగా కొత్త సైటు రూపం పాత సమాచారానికి లేని విశ్వసనీయతను ఆపాదించే అవకాశం ఉంది. కనుక మార్కప్ మార్పిడి పునఃపరిశీలనకు ప్రారంభమే తప్ప ముగింపు కాదు.

8. అనువాదం - తెలుగు సందర్భం

2011లో వచ్చిన స్ఫింక్స్ 1.1 అనువాదాలకు మార్గం చూపింది. గెట్‌టెక్స్ట్ పద్ధతిలో పాఠాన్ని పేరాలుగా విడదీసి, ప్రతి పేరాకూ అనువాదాన్ని విడి ఫైలులో నిలుపుతారు. పైథాన్ అధికారిక సైటులోనే ఇతర భాషల అనువాదాలకు చోటు కల్పించే ప్రతిపాదన 2017లో వచ్చింది. ఫ్రెంచి, జపనీస్, కొరియన్ అనువాదాలు దీనివల్ల మొదట లబ్ధి పొందాయి.

మూలంలో ఒక పేరా మారితే దాని పాత అనువాదం సందేహాస్పదమని గుర్తింపు పొందుతుంది. సాధారణ అమరికలో ఆ అనువాదాన్ని విడిచి మూలభాషలోని పేరానే సైటు చూపుతుంది. చదివేవారికి ఇది అసౌకర్యమే. అయినా తప్పు చెప్పే స్వభాష వాక్యం కంటే సరైన పరభాషా వాక్యం మేలన్న నిర్ణయం ఇందులో ఉంది.

ఆంధ్రప్రదేశ్, తెలంగాణ ఇంజనీరింగ్ కళాశాలల్లో పైథాన్ పాఠ్యాంశంగా ఉన్నందున ఈ విషయం తెలుగువారికి దూరమైనది కాదు. తెలుగు లిపికి 1991లోనే యూనికోడ్ తొలి ప్రమాణంలో స్థానం లభించింది కనుక పాఠాన్ని నిలపడంలో ఆటంకం లేదు. చిక్కు వెతుకులాటలో వస్తుంది. ఫైలు, ఫైలును, ఫైలులో, ఫైళ్లకు అన్న రూపాలన్నీ ఒకే పదానివని సాధనం గుర్తించాలి. ఇటువంటి ప్రత్యేక నియమాలు స్ఫింక్స్‌లో ఉన్న భాషల జాబితాలో జపనీస్, చైనీస్, టర్కిష్ మొదలైనవి ఉన్నాయి గాని తెలుగు లేదు. విభక్తి ప్రత్యయాలను, సంధి మార్పులను విశ్లేషించగల తెలుగు భాషాశాస్త్ర పరిశోధకులు నేరుగా తోడ్పడగల చోటు ఇదే.

9. ముగింపు

• యూనిక్స్ మాన్యువల్‌లో వ్యక్తి పేరుతో ఉన్న బాధ్యత, స్ఫింక్స్ - రీడ్ ది డాక్స్ దశలో రిపాజిటరీకీ యాంత్రిక పరీక్షలకూ కొంతమేర బదిలీ అయింది.

• పైథాన్‌లో 2007-08 నాటి మార్పుకు మూలకారణం సాధన నిర్వహణ భారం. మార్కప్ సరళం కావడంతో సంపాదకుల శ్రమ తిరిగి రచనవైపు మళ్లే అవకాశం ఏర్పడింది.

• ప్రచురణ యాంత్రికం కావడం వల్ల సైటు తాజాగా ఉంటుంది గాని, విషయం సత్యమనే హామీ దానివల్ల లభించదు. కెర్నల్ అనుభవం దీనికి నిదర్శనం.

• తెలుగులో డాక్యుమెంటేషన్ సైటును నెలకొల్పేవారు తొలి అనువాదానికి ఎంత శ్రమ కేటాయిస్తారో, మూలం మారిన ప్రతిసారీ దానిని సరిచూడడానికి అంతకు తగ్గని ఏర్పాటు చేసుకోవాలి. లేనిచో పేరాలు ఒక్కొక్కటిగా ఆంగ్లంలోకి తిరిగిపోతాయి.