ఫెరారీ క్లచ్చు, ట్రాక్టర్ల ఆసామి, మా నాన్న

మా టీములో ఒక కుర్రాడి సిస్టమ్ మీద ఎప్పుడూ లంబోర్గినీ బొమ్మే. "ఆ కార్ల కంపెనీ ఒక క్లచ్ ప్లేటు గొడవలోంచి పుట్టిందంటారు, తెలుసా?" అంటే నమ్మలేదు. అందుకే ఈ టపా.

ఫెరూచియో లంబోర్గినీ 1916లో ఉత్తర ఇటలీలో ఒక రైతు ఇంట్లో పుట్టాడు. రెండో ప్రపంచ యుద్ధంలో రోడ్స్ దీవిలో సైన్యం బళ్ళు బాగుచేసేవాడు. యుద్ధం అయ్యాక మిలిటరీ తుక్కు సామానుతో ట్రాక్టర్లు కట్టి, 1948లో సొంత కంపెనీ పెట్టాడు. బాగా కలిసొచ్చింది, ఫెరారీ 250 జీటీ కొన్నాడు. దాని క్లచ్ మాటిమాటికీ పోయేదట.

పెడల్ వదులుతుంటే లైనింగు ప్లేటు ఫ్లైవీల్ మీద కాస్త జారి, తర్వాత పట్టుకోవాలి. ఆ జారడంలోనే అరుగుతుంది. ప్లేటు చిన్నదై, అదిమే బలం చాలకపోతే జారుతూనే ఉండి కాలిపోతుంది. మార్చాలంటే గేర్‌బాక్సు దించాల్సిందే.

తర్వాతిది లంబోర్గినీ స్వయంగా చెప్పుకున్న కథ. ఎన్నిసార్లు రిపేరుకి పంపినా మళ్ళీ అదే గోల. విసుగొచ్చి తన ఫ్యాక్టరీలోనే విప్పించి, ట్రాక్టరుకి వాడే పెద్ద క్లచ్ బిగిస్తే కుదురుకుంది. ఆ సంగతి చెప్పబోతే ఎంజో ఫెరారీ, లోపం కారులో లేదు, నడిపేవాడిలో ఉందన్నాడట. మన భాషలో 'యూజర్ ఎర్రర్' అని టికెట్ క్లోజ్ చేసేశాడు :)

ఆ సంభాషణ అచ్చంగా అలాగే జరిగిందా అంటే అనుమానించేవాళ్ళున్నారు. కానీ 1963లో సాంట్'అగాటాలో లంబోర్గినీ కార్ల కంపెనీ మొదలైంది. దాని మొదటి 12 సిలిండర్ల ఇంజను గీసిన బిజారినీ, 1961లో ఫెరారీ నుంచి బయటికొచ్చిన ఇంజనీరే. 1964లో 350 జీటీ వచ్చింది, 1966లో మియురా.

గోదావరిఖని వెళ్ళినప్పుడు ఈ కథ నాన్నకి చెప్పాను. ఆయన బొగ్గు బాయిలో హాలేజీ ఆపరేటరుగా చేశారు. ఖాళీ టబ్బులు దిగేటప్పుడు క్లచ్ విడదీసి బ్రేకు మీద డ్రమ్ము వదలాలి. నిండినవి లాగేటప్పుడు క్లచ్ కలపాలి. ఆయన నడిపినదానిది కారు క్లచ్‌లా జారే రకం కాదు, పళ్ళల్లో పళ్ళు కూర్చునే రకం. "డ్రమ్ము ఆగంది క్లచ్ కొట్టొద్దు బిడ్డా, పండ్లు రాల్తయ్" అన్నారు.

ఒకసారి లివరు చేతికి తేడాగా తగిలిందట. ఏం కనబడలేదు, చప్పుడూ లేదు. ఓవర్‌మ్యాన్‌కి చెప్తే ఆయన ఒక్క మాట కూడా ఎదురడగకుండా ఆపించి విప్పించాడు. పళ్ళు అంచుల్లో అరిగిపోయి ఉన్నాయి. తాడుకున్న టబ్బులు పట్టుతప్పి ఉరికితే కింద ఉన్నది మనుషులు.

ఫెరారీలో పోయింది ఒక కస్టమరు మాత్రమే. బాయిలో అయితే ప్రాణాలు. రోజూ లివరు పట్టుకునేవాడి చేతికి, డ్రాయింగు గీసినవాడికి తెలియనిది తెలుస్తుంది.

మొన్న రాత్రి షిఫ్టు సపోర్టు అబ్బాయి "ఏదో తేడాగా ఉందండీ" అన్నాడు. లాగ్‌లో ఏమీ లేదు. టికెట్ మూసేయబోయి ఆగాను. ఇంకా విప్పి చూస్తున్నాను.