ఎలిజబెత్ ష్యూస్లర్ ఫియొరెంజా: పేరు దక్కని స్త్రీలను వెదికిన దైవశాస్త్రవేత్త

కాథలిక్ స్త్రీవాద దైవశాస్త్రానికి పునాది వేసినవారిలో ఎలిజబెత్ ష్యూస్లర్ ఫియొరెంజా ఒకరు. రొమేనియాలోని ఒక జర్మన్ భాషా కుటుంబంలో 1938లో జన్మించారు. యుద్ధం చివరి దశలో ఆ కుటుంబం జర్మనీకి తరలిపోయింది. అక్కడ చదువు ముగించి, 1970లో అమెరికాలోని నోటర్‌డామ్ విశ్వవిద్యాలయంలో అధ్యాపకురాలయ్యారు.

ఆమె ప్రధాన గ్రంథం ‘ఇన్ మెమరీ ఆఫ్ హర్’ (1983). శీర్షికకు మూలం మార్కు సువార్త 14వ అధ్యాయం. యేసు తలపై అత్తరు పోసిన స్త్రీని లోకమంతటా స్మరిస్తారని అందులో ఉంది. ఆమె పేరు మాత్రం లేదు. ద్రోహి యూదా పేరు నిలిచింది. గ్రంథం మౌనం వహించినంత మాత్రాన ఆదిమ సంఘంలో స్త్రీల పాత్ర లేదనలేమన్నది ఫియొరెంజా వాదం.

ఆ మౌనంలో అనువాదకులకూ భాగముంది. పౌలు తనకు వాడుకున్న ‘దియాకొనోస్’ అనే గ్రీకు పదాన్నే రోమా పత్రికలో ఫీబేకూ వాడారు. ఆంగ్లంలోని కింగ్ జేమ్స్ అనువాదం మాత్రం ఫిలిప్పీ పత్రికలో అదే పదానికి ‘డీకన్లు’ అని రాసి, ఫీబేను సేవకురాలిని చేసింది. పాత తెలుగు బైబిలు ‘పరిచారకులు’, ‘పరిచారకురాలు’ అంటూ ఒకే మాటకు కట్టుబడింది. ఈ విషయంలో మన అనువాదమే నయం.

‘పితృస్వామ్యం’ అనే మాట చాలదని భావించిన ఆమె 1992లో ‘కిరియార్కీ’ అనే పదాన్ని కల్పించారు. గ్రీకులో ‘కిరియోస్’ అంటే ప్రభువు. లింగం, జాతి, వర్గం, వలసపాలన పెనవేసుకున్న ఆధిపత్యం ఇది. తెలుగులో ‘ప్రభుస్వామ్యం’ అనవచ్చునేమో. కులాన్ని ఎరిగిన పాఠకులకు దీన్ని విడమరచనక్కరలేదు.

1880లో ఏర్పడిన బైబిలు సాహిత్య సంఘానికి 1987లో తొలి మహిళా అధ్యక్షురాలయ్యారు. మరుసటి ఏడాది హార్వర్డ్‌లో చేరారు. స్త్రీలకు గురుపట్టం నిరాకరించడాన్ని విమర్శిస్తూనే, అధికార నిర్మాణం మారకుండా ఇచ్చే పట్టం వారిని మరింత లోబరచుకుంటుందని హెచ్చరించారు.