నజర్ కాదు, దారి తప్పిన రెండు నాళాలు

నాకన్నా ముందు అమ్మీకి ఒక కొడుకు పుట్టాడు. 1971లో, ఊళ్లోనే, మంత్రసాని చేతుల్లో. గట్టిగా ఏడ్చాడట. చెవిలో అజాన్ ఇచ్చారు. సాయంత్రానికి పెదవులు, గోళ్లు నీలం తిరిగాయి. దాదీమా నజర్ అంది, తావీజ్ కట్టింది. మూడో రోజు ఖబరస్తాన్‌కి తీసుకెళ్లారు. హమల్‌తో ఉండగా గ్రహణం నాడు కూరగాయలు కోసినందుకే అలా అయిందని అమ్మీ లోలోపల నమ్మింది.

ఆ భాయ్‌ని ఏ డాక్టరూ చూడలేదు. కానీ గుండె గురించి చదివినప్పుడల్లా నేను ఒక జబ్బు దగ్గర ఆగిపోతాను. అందులో గుండె నుంచి బయల్దేరే రెండు పెద్ద నాళాలు తారుమారుగా పుడతాయి. చెడు రక్తం మళ్లీ ఒంట్లోకే పోతుంది, మంచి రక్తం మళ్లీ ఊపిరితిత్తులకే.

రక్తం వెళ్లే సరైన దారి చెప్పినవాడు డమాస్కస్‌లో పుట్టి కైరోలో వైద్యం చేసిన హకీం ఇబ్న్ అల్-నఫీస్. 1242లో, ఇబ్న్ సీనా కితాబ్‌కి షరహ్ రాస్తూ, కింది రెండు గదుల మధ్య గోడలో రంధ్రాలు లేవన్నాడు. రక్తం ఊపిరితిత్తుల గుండా తిరిగే ఎడమకు రావాలన్నాడు. మనవాళ్లు జల్సాల్లో ఈయన పేరు ఫఖర్‌గా చెప్పి అక్కడితో వదిలేస్తారు.

కడుపులోని బిడ్డకు మాత్రం రెండు అదనపు దారులుంటాయి. పై గదుల మధ్య ఒక కిటికీ, పెద్ద నాళాల మధ్య ఒక చిన్న వంతెన. ఊపిరి పని అమ్మ మాయ చూసుకుంటుంది. అందుకే నాళాలు తారుమారైనా బిడ్డ నిండుగా పెరుగుతుంది, తంతుంది, పుట్టగానే ఏడుస్తుంది కూడా. తర్వాత ఆ దారులు మూసుకుపోతాయి.

గ్లాస్గోలో ఇయాన్ డోనాల్డ్ 1958లో కడుపులోని బిడ్డను అల్ట్రాసౌండ్‌తో చూపించాడు. లోహంలో పగుళ్లు వెతికే యంత్రం లాంటిదే అది. 1980ల నాటికి బిడ్డ గుండెలో నాలుగు గదులూ చూడటం వచ్చింది. ఈ జబ్బులో తమాషా ఏమిటంటే, నాలుగు గదులూ బాగానే కనిపిస్తాయి! ప్రోబ్ ఇంకాస్త వంచితేనే అసలు సంగతి తెలుస్తుంది. మామూలుగా కత్తెరలా ఒకదాన్నొకటి దాటాల్సిన నాళాలు ఇక్కడ పక్కపక్కనే సాగుతాయి.

ముందే తెలిస్తే ఏం లాభం అంటారా? 1999లో ప్యారిస్ డాక్టర్లు లెక్క చెప్పారు. పుట్టాక జబ్బు బయటపడిన 250 మంది పిల్లల్లో 15 మంది ఆపరేషన్ దాకా కూడా బతకలేదు. కడుపులోనే తెలిసిన 68 మందిలో ఒక్కరూ పోలేదు. కారణం, వాళ్లు పుట్టిన చోటే మందు, బెలూన్ తయారుగా ఉన్నాయి. బెలూన్‌తో ఆ కిటికీని పెద్దది చేసే పద్ధతి ఫిలడెల్ఫియాలో 1966లోనే వచ్చింది. భాయ్ పుట్టడానికి ఐదేళ్ల ముందు. నాళాలను సరిచేసే జటెనె ఆపరేషన్ మాత్రం 1975లో.

మొన్న మా బేటీకి ఐదో నెల స్కాన్. “నాలుగు గదులూ బాగున్నాయి” అంది డాక్టరమ్మ. “నాళాలు కూడా చూడండమ్మా” అన్నాను. ఆమె ప్రోబ్ వంచి చూపించింది. కత్తెరలా దాటుతున్నాయి, అల్హందులిల్లాహ్.

ఇంటికొచ్చి అమ్మీకి అంతా చెప్పాను. చాలాసేపు మాట్లాడలేదు.

“అయితే, నేను తర్కారీ కోసినందుకు కాదా బేటా?” అంది.