సున్నపురాయి మర్మము



నందిగామ, జగ్గయ్యపేట సీమలవారికి సున్నపురాయిని గూర్చి నేను క్రొత్తగా చెప్పవలసినదేమున్నది? బట్టీలో కాల్చుటయు, గానుగలో నలుగగొట్టుటయు, కరక్కాయ నీటితోను బెల్లపు నీటితోను కలుపుటయు మన పెద్దలెఱిగిన పనులే. ఐనను ఆ రాతి లోపల నేమి జరుగునో విచారించువాడొకడు కలడు. వానిని పదార్థశాస్త్రజ్ఞుడందురు. వాని పనిని గూర్చి నాలుగు మాటలు మనవి చేసెదను.

జగ్గయ్యపేట చెంత ధనబోడు అను గుట్టపైనున్న బౌద్ధస్తూపమును 1882లో బర్జెస్ దొర పరిశీలించెను. ఇక్ష్వాకు రాజగు వీరపురుషదత్తుని 20వ యేట, అనగా క్రీ.శ. 3వ శతాబ్దమున, సిద్ధార్థుడను శిల్పి తూర్పు వాకిట ఐదు ఆయక స్తంభములను నిలిపినట్లు అచ్చటి శాసనములు చెప్పుచున్నవి. రాజు గాడు, మంత్రి గాడు. ఉలి పట్టినవాడే దాత! అచ్చటి మాంధాతృ చక్రవర్తి ఫలకము చెన్నపట్టణపు మ్యూజియమునకు చేరినది. ఇట్టి ఫలకములను పాలరాళ్లనుట వాడుక, నిజమునకవి సున్నపురాళ్లు.

ఆ గుణమే వానికి ముప్పు తెచ్చినది. తండ్రి పేర జగ్గయ్యపేటను వెలయించిన వాసిరెడ్డి వేంకటాద్రినాయని కాలముననే అమరావతి స్తూపము బయల్పడగా, అందలి శిల్పములు పెక్కు సున్నపు బట్టీల పాలైనవి. శుద్ధమైన సున్నపురాయి నూఱు పాళ్లు ఇంచుమించు 900 డిగ్రీల వేడిమిలో కాలినచో 44 పాళ్లు బొగ్గుపులుసు గాలియై పోవును. 56 పాళ్లు సున్నము మిగులును. ఆ సున్నము గోడకెక్కిన పిదప అదే గాలిని మెల్లమెల్లగా పీల్చుకొని మరల రాయియగును. శిల్పము మాత్రము మరలిరాదు.

జయంతీపురపు సిమెంటు కర్మాగారమునకును ఈ రాయియే ఆహారము. గనినుండి వచ్చిన రాతిలో సున్నమెంత, ఇసుకపాలెంత, ఇనుమెంతయని తూచి చెప్పుట, 1450 డిగ్రీల కొలిమిలో అది చక్కగా పక్వమైనదో లేదో చూచుట, త్వరగా గట్టిపడకుండ జిప్సము పాలు నిర్ణయించుట, సిమెంటు దిమ్మలు పోసి 3, 7, 28 దినములకు నలిపి బలమెఱుగుట శాస్త్రజ్ఞుని విధులు.

ఇచ్చట నా తప్పొకటి యొప్పుకొనవలయును. మా యూరి గుడిలో ఏడు పంక్తుల శాసనమొకటి సున్నపురాతిపై నుండెడిది. బీటలు వాఱగా సిమెంటుతో పూయింపుడని గ్రామస్థులకు సలహా నిచ్చినవాడను నేనే. కొన్ని వానకాలములకే రాతి చర్మము పొరలుపొరలుగా రాలినది. పిదప నొక శాస్త్రజ్ఞుడు కారణము చెప్పెను: సిమెంటు ఆ రాతికంటె కఠినము, లోని చెమ్మను వెలికి పోనీయదు, అందలి లవణములు రాతిలో చేరి, స్ఫటికములై ఉబ్బి పైపొరను పగులగొట్టును. తడిపిన కాగితపు గుజ్జు పట్టించి ఉప్పును లాగి, మెత్తని సున్నముతోనే బీటలు పూడ్చవలెనట.

నాలుగు పంక్తులే యిపుడు చదువవచ్చును. తక్కిన మూటిని, పూర్వము నేను వ్రాసికొన్న నకలులో పిల్లలకు చూపుచుందును.