ముఖచిత్రంలో మంచుపల్లె: ఋతుభావన, ముద్రణ

తెలుగులో 'మంచు' అన్న ఒక్క మాటే గడ్డిపరకమీది బిందువుకూ, వేకువన పొలాలను కప్పే పొగకూ, హిమాలయ శిఖరంమీది హిమానికీ చెల్లుతుంది. నిఘంటుకారులకు ఇది చిన్న విషయమే కావచ్చు గాని, పత్రికల ముఖచిత్రాలను పరిశీలించేవారికి కాదు.

అమెరికాలో మంచుపల్లె దృశ్యాన్ని సామాన్యుల గోడలకు చేర్చిన సంస్థలలో కరియర్ అండ్ ఐవ్స్ ముఖ్యమైనది. జార్జ్ హెన్రీ డ్యూరీ చిత్రం ఆధారంగా ఆ సంస్థ 1867లో వెలువరించిన 'హోమ్ టు థ్యాంక్స్‌గివింగ్' అనే శిలాముద్ర ఇందుకు ప్రసిద్ధోదాహరణం. పండుగకు ఇల్లు చేరడమే దాని వస్తువు. తర్వాతి కాలపు పత్రికల డిసెంబరు ముఖచిత్రాలకూ ఈ దృశ్యం పరిపాటి అయింది.

తెలుగు పత్రికలలో ఆ స్థానం సంక్రాంతిది. ముగ్గు, గొబ్బెమ్మలు, హరిదాసు, గంగిరెద్దు, వెనుక పలుచని పొగమంచు. పోలిక ఉన్నంతమాత్రాన దీనిని అనుకరణ అనడం తొందరపాటు. కాళిదాసు 'ఋతుసంహారం'లోనే హేమంత, శిశిరాలకు వేర్వేరు సర్గలున్నాయి. అక్కడ చలికాలం ప్రకృతిలో ఎంత కనిపిస్తుందో స్త్రీల అలంకరణలోనూ అంత కనిపిస్తుంది. 'చందమామ', 'యువ', 'స్వాతి' పత్రికలకు ముఖచిత్రాలు గీసిన వడ్డాది పాపయ్య (1921-1992) ఈ సంప్రదాయానికే చెందుతాడు. ఋతువులనూ రాగాలనూ ఆయన స్త్రీమూర్తులుగా రూపించాడు. డ్యూరీ చిత్రంలో మంచే ప్రధానం, మనుషులు చిన్నవారు. పాపయ్య చిత్రాలలో మనిషే ఋతువు.

ముద్రణ విషయం మరింత ఆసక్తికరం. పసుపు, ఎరుపు, నీలం బ్లాకులతో అచ్చయ్యే ముఖచిత్రంలో తెల్లసిరా ఉండదు. మంచుగా కనిపించేది సిరా అంటని కాగితమే. అందువల్ల కాగితం పాతబడి పసుపెక్కినప్పుడు మొదట మారేది మంచే. హిమపాతం సాయంకాలపు ఎండలా తోస్తుంది. నేడు అలంకరణకోసం అమ్మే పునర్ముద్రణలలో ఆ పసుపును కంప్యూటరుతో తొలగిస్తారు. కొన్నిచోట్ల పాతదనంకోసం అదే పసుపును కొత్తగా అద్దుతారు కూడా! కనుక అట్టి ప్రతులను వర్ణవిశ్లేషణకు ఆధారంగా గ్రహించడం సమంజసం కాదు.

ఆధారం కావలసినది మూలసంచిక. గ్రంథాలయాలలో సంవత్సరపు సంచికలను కలిపి బైండు చేసేటప్పుడు అట్టలనూ ప్రకటనలనూ తీసివేయడం సాధారణమైన అలవాటు. అట్టి సంపుటాలనే స్కాన్ చేసినందువల్ల కథలూ వ్యాసాలూ అంతర్జాలంలో లభిస్తున్నా, వాటిని పాఠకుడికి మొదట పరిచయం చేసిన ముఖచిత్రాలు అనేకం లభించడం లేదు. పాతపుస్తకాల దుకాణాలలో, వ్యక్తుల ఇళ్లలో విడిసంచికలు ఇంకా ఉన్నాయి. ముఖచిత్రాల సూచీకరణ అక్కడినుంచే మొదలుపెట్టవలసి ఉంటుంది.