ఇవాళ్టి గెలుపు కోసం రేపటి కుర్రాడిని ఇచ్చేయొచ్చా? ఒక బేస్‌బాల్ జట్టు చరిత్ర



మా హాస్టల్లో వాలీబాల్ పోటీలు వస్తే చాలు, ఒకటే గొడవ. ఈసారి గెలవడానికి బయట నుంచి సీనియర్‌ను తెచ్చుకుందామా, ఓడినా సరే మన జూనియర్లనే ఆడిద్దామా? ఈ గొడవలోనే అమెరికా బేస్‌బాల్ గురించి చదివాం. అక్కడ జట్లు ఆటగాళ్లను ఒకరికొకరు మార్చుకుంటాయి. దాన్నే ట్రేడ్ అంటారు.

కాన్సాస్ సిటీ రాయల్స్ 1985లో వరల్డ్ సిరీస్ గెలిచింది. తర్వాత వరుసగా 28 సీజన్లు ప్లేఆఫ్స్‌కే వెళ్లలేదు. న్యూయార్క్ జట్లలా డబ్బు పోసి స్టార్లను కొనే స్తోమత లేదు. 2006లో జనరల్ మేనేజర్‌గా వచ్చిన డేటన్ మూర్ కుర్రాళ్లను తీసుకుని పెంచే దారి పట్టాడు. హోస్మర్, ముస్టాకాస్, పెరెజ్ అలా ఎదిగినవాళ్లే. 2010లో తమ పెద్ద పిచర్ గ్రెయింకీని కూడా ఇచ్చేసి కెయిన్, ఎస్కోబార్ లాంటి చిన్నవాళ్లను తెచ్చుకున్నారు.

2012లో 72 గెలుపులు, 90 ఓటములు. ఆ డిసెంబరులో మూర్ ఉన్నట్టుండి దారి మార్చాడు. అందరూ ఆశ పెట్టుకున్న విల్ మైయర్స్‌ను, ఇంకొందరు కుర్రాళ్లను టంపా బే జట్టుకి ఇచ్చి జేమ్స్ షీల్డ్స్, వేడ్ డేవిస్ అనే పిచర్లను తెచ్చాడు. షీల్డ్స్ ఉండేది రెండేళ్లే. ఇంత ఓడే జట్టుకి ఈ తొందరేంటని చాలామంది తిట్టారు. 2013లో మైయర్స్ ఉత్తమ కొత్త ఆటగాడి అవార్డు గెలిచాడు. రాయల్స్ 86 మ్యాచ్‌లు గెలిచినా ప్లేఆఫ్స్ దక్కలేదు. తిట్టినవాళ్ల మాటే నిజమనిపించింది.

2014లో మాత్రం వరల్డ్ సిరీస్ ఏడో మ్యాచ్ దాకా వెళ్లి ఒక్క పరుగు తేడాతో ఓడారు. షీల్డ్స్ వెళ్లిపోయాడు. అయినా 2015లో కప్పు గెలిచారు. ఆఖరి బ్యాటర్‌ను ఔట్ చేసింది ఆ ట్రేడ్‌లో వచ్చిన డేవిసే. 2013లో మ్యాచ్ మొదలుపెట్టే పిచర్‌గా తేలిపోయిన మనిషిని మ్యాచ్ చివర్లో వేసే పిచర్‌గా మారిస్తే ఎవరికీ అందలేదు.

అయితే ట్రేడ్ చేస్తే ఎప్పుడూ మంచిదేనా? కాదు. 1987 ఆగస్టులో డెట్రాయిట్ టైగర్స్ సీనియర్ పిచర్ డోయల్ అలెగ్జాండర్ కోసం తమ రాష్ట్రంలోనే పెరిగిన జాన్ స్మోల్ట్జ్‌ను అట్లాంటాకి ఇచ్చేసింది. అప్పుడు అతని వయసు 20, అంటే మా వయసే. అలెగ్జాండర్ 9 గెలిచాడు, ఒక్కటీ ఓడలేదు. డివిజన్ దక్కింది కానీ తర్వాతి సిరీస్‌లోనే ఓడారు. మళ్లీ ప్లేఆఫ్స్ చూసింది 2006లో. స్మోల్ట్జ్ 213 మ్యాచ్‌లు గెలిచి 2015లో హాల్ ఆఫ్ ఫేమ్‌కి వెళ్లాడు.

తేడా ఎక్కడుంది? డెట్రాయిట్‌ది వయసు మళ్లుతున్న జట్టు. వెనకాల వచ్చే పిల్లవాడినే ఇచ్చేసింది. రాయల్స్‌లో పిల్లలు అప్పటికే ఎదిగి ఉన్నారు, లోటల్లా పిచింగ్‌లోనే. కొందరిని ఇచ్చినా మిగతావాళ్లను కదపలేదు. ఖరీదు మాత్రం కట్టారు. 2015లో మళ్లీ కుర్రాళ్లను ఇచ్చి కుయేటో, జోబ్రిస్ట్‌లను తెచ్చారు. 2018కి వచ్చేసరికి 104 మ్యాచ్‌లు ఓడారు.

మనవాళ్లకి "ముందు ముందు మీ రోజు వస్తుంది" అనే మాట కొత్త కాదు. ఎంతకాలం ఎదురుచూడాలని అడగడం తప్పు కాదంటాం. కానీ ఇవాళ్టి సాయం మన పిల్లల పక్కన నిలబడాలి, వాళ్లను పక్కకి నెట్టకూడదు.

మా జట్టులో స్మాష్ కొట్టే జూనియర్లు ముగ్గురున్నారు, బాల్ ఎత్తి ఇచ్చేవాడే లేడు. ఆ ఒక్క చోటికే సీనియర్‌ని అడుగుదాం అనుకున్నాం. ఆ చోటు నేర్చుకుంటున్న తమ్ముడు రోజూ ఆయన పక్కనే ప్రాక్టీస్ చేయాలన్నది మా షరతు.

మీ హాస్టళ్లలో అయితే ఏం చేసేవాళ్లు? చెప్పండి.